సీసాకి కుర్చీ అల్లిన మనిషి

హరనాథ్ గది మెట్ల కింద ఉంది. పైన నాలుగంతస్తుల సర్కారీ భవనం, ఆ పైన ఢిల్లీ ఎండ. ఆ భవనంలో ఎక్కే కాళ్ళూ దిగే కాళ్ళూ అన్నీ అతని తల మీదుగానే నడుస్తాయి. పదకొండింటికి టీ మోసుకెళ్ళే రబ్బరు చెప్పులు. ఒంటిగంటకి టిఫిన్ డబ్బాలతో దిగే గుంపు. మూడున్నరకి ఏ పనీ లేక ఎక్కి దిగే తీరుబడి బూట్లు. ముప్పై అయిదేళ్ళుగా అతనికి అదే గడియారం.

ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. రాజమండ్రి నుంచి ఎవరో పుణ్యాత్ముడు అంధుల బడికి పంపితే అక్కడ పేము అల్లడం నేర్పారు. ఇరవై అయిదో ఏట సర్కారు ఉద్యోగం వచ్చింది. ఆఫీసు కుర్చీలకి సీట్లు అల్లే ఉద్యోగం. ఆ రోజుల్లో గుమాస్తా నుంచి సెక్రటరీ దాకా ప్రతివాడూ పేము మీదే కూర్చునేవాడు. ఏటా కొన్ని సీట్లు గుంటలు పడేవి, తెగేవి. అవన్నీ మెట్ల కిందికి దిగి వచ్చేవి. హరనాథ్ పాత అల్లిక కోసి పారేసి, చట్రం చుట్టూ ఉన్న రంధ్రాలని వేలితో లెక్కపెట్టుకుని, తడిపిన పేము బద్దని లాగి బిగించి అల్లేవాడు. నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఆ తర్వాత రెండు వైపులా ఐమూలగా. ఆరు వరసలు. ఎండాక పిడికిలితో కొడితే మద్దెలలా మోగాలి. మోగకపోతే విప్పేసి మళ్ళీ అల్లేవాడు.

రెండువేల మూడులో చక్రాల కుర్చీలు వచ్చాయి. స్పాంజి, దాని మీద రెక్సిను. పేము కుర్చీలన్నిటినీ ఒక మధ్యాహ్నమంతా లారీకి ఎక్కించి వేలానికి తీసుకుపోయారు. ఒకదాని మీద ఒకటి విసురుతుంటే చెక్కకి చెక్క తగిలే చప్పుడు అతను గదిలో కూర్చుని విన్నాడు. అతన్ని మాత్రం ఎవరూ ఎక్కడికీ పంపలేదు. ఉద్యోగం ఉంది, పని పోయింది. పొద్దున తొమ్మిదిన్నరకి రావడం, గీత తప్పకుండా గాడి కోసిన రేకు ముక్క కాగితం మీద పెట్టుకుని రిజిస్టర్లో సంతకం చెయ్యడం, కూర్చోవడం.

"కిస్మత్‌వాలే హో, హరనాథ్ బాబూ! మాకు చేతినిండా ఫైళ్ళు, నీకు చేతినిండా గాలి" అనేవారు పై అంతస్తువాళ్ళు.

గాలి ఎంత బరువుంటుందో వాళ్ళకి తెలియదు. రోజంతా వంగి కుర్చీలు అల్లిన రోజుల్లో రాని నడుం నొప్పి, ఏమీ చెయ్యని ఈ నాలుగేళ్ళలో వచ్చింది. సాయంత్రం సరోజినీ నగర్ క్వార్టర్‌కి చేరి మంచం మీద కూలబడితే, భార్య నాగేశ్వరమ్మ మంచినీళ్ళు అందిస్తూ అడిగేది. "రాళ్ళు కొట్టొచ్చినట్టు ఏంటండీ ఆ వాలకం? కూర్చునే కదా వచ్చారు?"

"కూర్చునే వచ్చానే" అనేవాడు. 

రెండువేల ఏడు వేసవిలో ఒకరోజు, ఊరికే, అలవాటు కొద్దీ, మూలనున్న పేము చుట్ట తీసి దువ్వబోతే వేలు కోసుకుంది. చిన్న గాటే. కానీ అతను చాలాసేపు ఆ వేలిని బొటనవేలితో రుద్దుకుంటూ ఉండిపోయాడు. అక్కడ ఉండాల్సిన గట్టి చర్మం లేదు. తన చేతులు మెత్తబడ్డాయి, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. డిసెంబరు ముప్పై ఒకటికి రిటైర్‌మెంటు. ఆ తర్వాత ఈ గదిలో బ్యాటరీలు పెడతారట. ఆలోగా ఒక్క పని, నిజమైన పని, డిసెంబరు దాటినా తన వెంట వచ్చే పని దొరక్కపోతే ఈ చేతులు అన్నీ మరిచిపోతాయి. అతనికి చీకటంటే ఎన్నడూ భయం లేదు. ఆ మెత్తదనానికి భయం వేసింది.

ఆ జూన్‌లోనే శరణ్య వచ్చింది.

"భయ్యా, యహా కుర్సీ కౌన్ బున్‌తా హై?" అని, కుర్చీలు అల్లేదెవరంటూ గుమ్మంలో ఒక గొంతు. అప్పుడు హరనాథ్ రంధ్రాల్లో బిగించే చెక్క మేకులు లెక్కపెడుతున్నాడు. పనిలేని మనిషి ఏదో ఒకటి లెక్కపెట్టాలి కదా. "ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది..."

"అయ్యో! తెలుగోళ్ళా అంకుల్ మీరు?" గొంతు ఒక్కసారి హైదరాబాద్ అయిపోయింది. "ఈ ఢిల్లీల తెలుగుల లెక్కపెట్టేటోళ్ళని నేనింతవరకు చూడలే!"

"నేను ఎవర్నీ చూళ్ళేదమ్మా. కూర్చోండి. కుర్చీ మాత్రం లేదు" అన్నాడు హరనాథ్. ఆమె నవ్విన తీరుని బట్టి వయసు ఇరవై ఏడు అనుకున్నాడు. ఒకటి తక్కువ లెక్కేశాడని తర్వాత తేలింది.

శరణ్య మునిర్కాలో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటుంది. గుర్గావ్‌లో ఒక డిజైన్ స్టూడియోలో ఉద్యోగం. పాత సామాన్ల బజారులో ఆమె ఒక కుర్చీ కొన్నది. ఇరవై మూడేళ్ళ కిందటి సీటు, ఒక్క బద్ద తెగలేదు. చట్రం అడుగున ఆఫీసు పేరూ ఏడాదీ నంబరూ పెయింటుతో అచ్చు వేసి ఉంటే, వాటిని పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది.

"అంకుల్, మా దగ్గరికి ఒక విస్కీ కంపెనీ వచ్చింది" అంది. ఆ మాట అనగానే కొంచెం ఆగింది, పెద్దాయన ఏమంటాడో అని. అతనేమీ అనకపోయేసరికి సాగించింది. "ఏండ్లకేండ్లు చెక్క పీపాలల్ల ఉంచి తీసే విస్కీ. మంచి రకం. దీపావళికి బజార్ల పెడుతున్నరు. గాజు సీసాకి ఒక తొడుగు కావాలె. అందరి తీరు అట్టపెట్టె వద్దు, చేత్తోని అల్లింది కావాలె అని నేను కొట్లాడుతున్న. మీ అల్లిక కావాలె. మీరూ నేనూ పీపాల వాళ్ళూ కలిసి చేస్తం. కొలాబరేషన్ అంటరు మా దగ్గర."

"నేను కుర్చీలు తప్ప ఇంకేమీ అల్లలేదమ్మా."

"సీసాకి కుర్చీ అల్లుండ్రి."

ఆ మాట అతనికి నచ్చింది. దాన్ని అతను ఉన్నదున్నట్టు పట్టుకున్నాడు. తర్వాత జరిగిన తప్పుకి మొదలు అక్కడే.

బయట పని చేసుకోవడానికి ఆఫీసువాళ్ళు అభ్యంతరం చెప్పలేదు. పేము అల్లిక అని రాసిస్తే కాగితం మీద ముద్ర పడింది. దేనికి అల్లిక అని ఎవరూ అడగలేదు. అడిగింది నాగేశ్వరమ్మ ఒక్కతే.

"ఎన్ని వస్తువుల్లేవండీ లోకంలో? పూలసజ్జలు లేవా? ఊయలలు లేవా? తాగుబోతు సీసాకి చొక్కా తొడగాలా మీరు?" ఆమె తండ్రి సామర్లకోటలో కల్లుతో మొదలెట్టి సారాతో పోయాడు. అందుకే ఆ ఇంట్లో దగ్గుమందు సీసాకి కూడా నిమిషం ఆలస్యం కాకుండా మూత పడుతుంది.

"సీసా సంగతి నాకెందుకే? నాకు పని కావాలి."

 ఆమె పళ్ళెం పెట్టిన చప్పుడు కొంచెం గట్టిగా వినిపించింది. కొలత కోసం శరణ్య నిండు సీసా తెచ్చిన రోజున, అది గుమ్మం దాటడానికి వీల్లేదంది. వెనక బాల్కనీలో, కూలర్ పక్కన, పాత లంగా ముక్కలో చుట్టి పెట్టనిచ్చింది. పక్కింటి సుభాషిణి ఆంటీ చూస్తే కిరసనాయిలని చెప్పాలని ముందే నిర్ణయించుకుంది.

అల్లిక మొదలుపెట్టే ముందు శరణ్య అతన్ని పీపాలు చూపిస్తానని తీసుకెళ్ళింది. 'చూపిస్తా' అని నాలిక కరుచుకుంది. హరియాణా వైపు, పొలాలు దాటి వెళ్ళిన చోట ఒక పొడుగాటి షెడ్డు. లోపలికి అడుగుపెట్టగానే వాసన అతని మీద నెమ్మదిగా దుప్పటిలా పడింది. తడిసిన చెక్క, మాగిన పండు, కాలిన బెల్లం, ఎక్కడో ఒక మూల వాన. ఇంత వాసన చేసే చోట ఇంత నిశ్శబ్దం ఉంటుందని అతను అనుకోలేదు. వందల పీపాలు ఒకదాని మీద ఒకటి, ఏమీ చెయ్యకుండా పడుకుని ఉన్నాయి. పడుకోవడమే వాటి పని.

అక్కడ ఒకాయన పరిచయమయ్యాడు. లక్ష్మీనారాయణ. తణుకులో చక్కెర ఫ్యాక్టరీ కెమిస్టుగా మొదలై, ఇప్పుడు ఏ పీపాలోది ఏ పీపాలోదానితో కలపాలో తేల్చే మనిషి.

"మీరు తాగుతారాండీ?" అని హరనాథ్ అడిగాడు.

"ఛ! మేం శుద్ధ శాకాహారులం. ముప్పయ్యేళ్ళుగా నోట్లో పోసుకుని ఉమ్మేస్తున్నాను. మా ఆవిడ అంటుంది, మీ అంత పిసినారి తాగుబోతు ఎక్కడా ఉండడని." ఆయన నవ్వి దగ్గాడు. ఆ నవ్వు వెనక ఒక అలుపు ఉంది. దాన్ని హరనాథ్ వెంటనే గుర్తుపట్టాడు. మెట్ల కింద గదిలో రోజూ వినేదే అది.

లక్ష్మీనారాయణ అతని చెయ్యి పట్టుకుని పీపా పొట్ట మీద పెట్టాడు. "చూశావా, మేకు లేదు, జిగురు లేదు. చెక్క బద్దలు ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడతాయి, అంతే. ఎండిపోతే కారిపోతుంది. అందుకని ముందు నీళ్ళు పట్టించి ఉబ్బిస్తారు. ఇక్కడి ఎండకి ఎంత బిగించినా ఏటా పదో వంతు గాలికే పోతుంది. స్కాట్లాండులో అయితే పన్నెండేళ్ళు కాపలా కాయొచ్చు. ఇక్కడ ఆరేళ్ళు దాటితే పీపాకి నువ్వు మిగులుతావు, విస్కీ మిగలదు."

హరనాథ్ వేలు రెండు బద్దల మధ్య కీలు మీద ఆగింది. చెక్క కాని మెత్తటిదేదో తగిలింది. "ఇదేంటండీ?"

"ఎండిన రెల్లు. కీలులో సన్నగా పెడతారు, కారకుండా."

రెల్లు. గడ్డి. అల్లికకి చుట్టం. ఇంతమంది ఖరీదైన మనుషులు తాగేదాన్ని ఒక గడ్డిపోచ పట్టుకుని నిలబెడుతోంది. హరనాథ్ ఆ పోచ మీద నుంచి వేలు తియ్యడానికి కొంచెం సమయం తీసుకున్నాడు. తనకీ ఇక్కడ చోటుంది అనిపించింది, నాలుగేళ్ళలో మొదటిసారి.

శరణ్య తాను గీసిన బొమ్మని అతనికి మాటల్లో చదివి వినిపించింది. అడుగున గుండ్రటి చెక్క బిళ్ళ, దాని అంచున రంధ్రాలు. పైన, సీసా భుజాల దగ్గర చెక్క కడియం, దానికీ రంధ్రాలు. మధ్యలో ఆరు వరసల అల్లిక, ఒంటికి పట్టిన రవిక లాగా. అతను ఎన్నో ప్రశ్నలు వేశాడు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఎంత? బద్ద వెడల్పెంత? చెక్క ఏ రకం? ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. బొమ్మలో కడియం కింద ఒక చుక్కల గీత ఉంది. అక్కడ తొడుగు తెరుచుకోవాలి, సీసా బయటికి రావాలి అని దాని అర్థం. చుక్కల గీతని పైకి ఎలా చదవాలో తోచక ఆమె దాన్ని దాటేసింది. అందరికీ తెలిసిందే కదా అనుకుంది.

హరనాథ్‌కి తెలిసింది వేరు. కుర్చీకి చట్రం ఉంటుంది, చట్రానికి సీటు అల్లుతారు, చట్రం అందులోనే ఉండిపోతుంది. ముప్పై అయిదేళ్ళలో అల్లిన సీటులోంచి కుర్చీని బయటికి లాగమన్నవాడు లేడు. ఇక్కడ చట్రం సీసా. అంతే.

మూడు శని ఆదివారాలు బాల్కనీలో కూర్చుని అల్లాడు. తొట్టిలో నానిన పేము వాసన, కూలర్ తడి గాలి, కింద బట్టల బజారు నుంచి "సౌ మే దో, సౌ మే దో" అని వందకి రెండేసి అమ్మే కేకలు. మొదటి రోజే వేళ్ళు చిట్లాయి. ప్లాస్టర్ వేస్తే అల్లిక తెలియదు, అందుకని వేసుకోలేదు. నాగేశ్వరమ్మ వచ్చి చూసి, లోపలికి వెళ్ళి, గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి పక్కన పెట్టింది. చేతులు మొదట తడబడ్డాయి. రెండో ఆదివారం మధ్యాహ్నం, అయిదో వరసలో ఎక్కడో, అతను లెక్కపెట్టడం మానేశాడని తెలిసింది. చేతులే లెక్కపెట్టుకుంటున్నాయి. అలుపు ఉంది, కానీ ఇది చెమట ఉప్పు తెలిసే అలుపు. చివర కడియం దాకా లాగి, బిగించి, ముడి లోపలికి తోసి, ఎండలో పెట్టాడు. వడగాడ్పు రెండు రోజుల్లో ఎండబెట్టేసింది. వేలితో మీటితే సన్నగా మోగింది.

శనివారం గుర్గావ్. అద్దాల భవనం, లిఫ్టులో చెవులు మూసుకుపోయేంత ఎత్తు, ఎముకలు కొరికే ఏసీ. గదిలో మనిషి పృథ్వీరాజ్, కంపెనీలో ఈ విస్కీ బాధ్యతంతా అతనిదే. ఢిల్లీ కంటోన్మెంటులో పుట్టి పెరిగాడు, తండ్రి విజయనగరం నుంచి వచ్చిన సుబేదారు. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి రాదు. లక్ష్మీనారాయణ కూడా వచ్చి ఒక మూల కూర్చున్నాడు.

పృథ్వీరాజ్ తొడుగు తిప్పి చూస్తున్నంతసేపూ "వావ్... వావ్" అంటున్నాడు. హరనాథ్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటున్నాడు.

"బ్యూటిఫుల్, అంకుల్. అబ్ బాటిల్ నికాలేం?"

కుర్చీ కిర్రుమంది. గుడ్డ ఒరుసుకున్న చప్పుడు. పేము మూలిగింది. మళ్ళీ. ఈసారి గట్టిగా ఊపిరి పీల్చి లాగుతున్నట్టుంది.

"శరణ్యా, ఖుల్తా కహా సే హై?" ఎక్కడ తెరుచుకుంటుందో అతనికి అందలేదు.

శరణ్య లేచి వచ్చింది. ఆమె గాజులు సీసాకి తగిలాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ లేకపోవడంలో హరనాథ్‌కి అంతా తెలిసిపోయింది.

"బయటికి తియ్యాలాండీ?" అన్నాడు మెల్లిగా.

"అంకుల్..." శరణ్య గొంతు చిన్నదైపోయింది. "నేనే చెప్పలే. తప్పు నాదే."

పృథ్వీరాజ్‌కి నవ్వొచ్చింది. చెడ్డవాడు కాదు, ఎవరికైనా వచ్చేది. "సో ఇట్స్ ఎ ప్రిజన్! బేచారీ విస్కీ కో ఉమ్రకైద్!" అని పాపం విస్కీకి యావజ్జీవ ఖైదు వేశాడు. ఆ తర్వాత వ్యవహారం గొంతులోకి వచ్చాడు. లేబుల్ కనబడకుండా సీసా దుకాణంలో పెట్టకూడదు, అది ఎక్సైజ్ రూలు. తొడుగు ఊడి రావాల్సిందే. దీపావళి దగ్గరికొస్తోంది. అచ్చు వేసిన అట్టపెట్టె తయారుగా ఉంది. "చలో, కోయీ బాత్ నహీ. నైస్ ట్రై."

నైస్ ట్రై. హరనాథ్ ఆ రెండు మాటలనీ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడితో లేచి, లిఫ్టు దిగి, మెట్ల కిందికి వెళ్ళి, డిసెంబరు దాకా కాళ్ళ చప్పుడు వినొచ్చు. అంత అలిసిపోయి ఉన్నాడు, అది కూడా సుఖంగానే తోచింది ఒక క్షణం.

"కత్తి ఉందా అమ్మా?" అన్నాడు.

"ఎందుకు అంకుల్?"

"ఇవ్వండి."

ఎవరో కాగితాలు కోసే కత్తి ఇచ్చారు. పాత సీట్లు కోసి పారెయ్యడం అతనికి కొత్త కాదు, ప్రతి కుర్చీ పనీ కోతతోనే మొదలవుతుంది. కానీ అవి తెగినవి, గుంటపడినవి. మోగుతున్న అల్లికని అతనెప్పుడూ కొయ్యలేదు. కడియం కింద బ్లేడు పెట్టి చుట్టూ తిప్పాడు. ఒక్కొక్క బద్దా టప్పున తెగి చేతి మీద కొట్టింది. సీసా బయటికి జారింది. అరచేత్తో తడిమితే లేబుల్ లేచిపోయి ఉంది, తడి అల్లిక కింద పేపరు ఉబ్బి చిరిగింది.

"రెండు తప్పులండీ" అన్నాడు హరనాథ్. "సీసా మీద అల్లడం ఒకటి. తడి తగలనివ్వడం ఇంకోటి. రెండువారాలు టైమివ్వండి బాబూ. అప్పటికీ నచ్చకపోతే అట్టపెట్టె ఎలాగూ ఉంది కదా."

 మూలనుంచి లక్ష్మీనారాయణ అన్నాడు, "ఇచ్చెయ్ బాబూ. ఆరేళ్ళు ఆ పీపాల దగ్గర ఆగినవాళ్ళం, పదిహేను రోజులు ఆగలేమా?"

"ఠీక్ హై. టూ వీక్స్."

కిందికి దిగుతుండగా లిఫ్టులో లక్ష్మీనారాయణ గొణిగాడు. "మరి దేని మీద అల్లుతావయ్యా? బిగించి అల్లితే ఏదైనా ఇరుక్కుంటుంది. వదులుగా అల్లితే నీ పేము మోగదు."

"మా ఆఫీసు గేటు దగ్గర చెప్పులు కుట్టేవాడు ఉన్నాడండి. వాడి దగ్గర చెక్క పాదం ఉంటుంది, మూడు ముక్కలు. దాని మీద తోలు బిగించి కొడతాడు. ఆరాక మధ్య ముక్క లాగేస్తాడు. పక్క ముక్కలు లోపలికి పడిపోతాయి, బూటు నిలబడుతుంది." హరనాథ్ ఆగాడు. "అలాంటి చెక్క సీసా ఒకటి కావాలి. అసలు సీసా కంటే వెంట్రుకవాసి లావు."

లక్ష్మీనారాయణ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మా పీపాల మిస్త్రీ ఉన్నాడుగా. కారిపోయే పీపా బద్దలు బోలెడు. పనికిరావని పొయ్యిలో పెడుతున్నాం."

మిస్త్రీ మూడు రోజుల్లో పంపాడు. ముసలి పీపా చెక్కతో చేసిన సీసా, మూడు ముక్కలు, మధ్యది మేకులా. చేతిలోకి తీసుకోగానే షెడ్డు వాసన వచ్చింది. నాగేశ్వరమ్మ వాసన చూసి ముక్కు చిట్లించిందేమో, గొంతు అలాగే ఉంది. "ఇది కూడా బాల్కనీలోనేనా?"

"చెక్కే ఇది. తాగడానికి ఏమీ లేదు."

"మీ ఇష్టం" అంటూ కూర తరుక్కోవడంలో పడింది. అతను ముందుగదిలోనే కూర్చున్నాడు.

ఆ పదిహేను రోజులూ సాయంత్రాలన్నీ దానికే పోయాయి. జులై ఉక్క. ఆరింటికి కరెంటు పోయేది, క్వార్టర్లన్నీ బాల్కనీల్లోకి వచ్చి విసనకర్రలతో తిట్టుకునేవి. అతనికి దీపంతో పని లేదు. అయితే ఒంట్లో ఓపిక దీపంలా కొండెక్కుతూ ఉండేది. అరవై ఏళ్ళ మెడ ఒక పక్కకి పట్టేసింది. ఎడమచేతి మధ్యవేలు ఉదయాన్నే ముడుచుకుని తెరుచుకునేది కాదు, వేడినీళ్ళలో ముంచి ఒక్కొక్క కణుపూ విప్పుకోవాలి. ఆఫీసులో మెట్ల కింద కూర్చుని నిద్రపోయేవాడు, పై కాళ్ళ చప్పుడు కూడా వినకుండా. ఈసారి కడియం భుజాల కిందే ఆపాడు, పైభాగం నోరు తెరిచి ఉంచాడు. సీటుకి నోరుండడం అతనికి వింతగా ఉండేది. అంచు దగ్గర బద్దలు ఎక్కడ ఆగాలో తెలియక రెండుసార్లు విప్పాడు. మూడోసారి ఆ అంచుకి కుర్చీ చుట్టూ వేసే కట్టునే గుండ్రంగా తిప్పి వేశాడు. అది కూర్చుంది.

ఎండాక మధ్య ముక్క లాగితే చిన్న నిట్టూర్పుతో వచ్చింది. పక్క ముక్కలు లోపలికి పడ్డాయి. తొడుగు ఒంటరిగా, ఏమీ పట్టుకోకుండా, చేతిలో నిలబడింది. ఖాళీని అల్లడం అతనికి అదే మొదలు.

మళ్ళీ శనివారం, మళ్ళీ ఆ ఏసీ. పృథ్వీరాజ్ కొత్త సీసా తీసుకుని తొడుగులోకి వదిలాడు. హరనాథ్ చెవులు మాత్రమే అక్కడ ఉన్నాయి. గాజు పేము వెంట జారింది. లోపలి గాలి అల్లిక కళ్ళలోంచి మెల్లగా తప్పుకుంది. అడుగు బిళ్ళని సీసా తాకింది, టక్. ఆ తర్వాత పైకి లాగారు. వచ్చింది. మళ్ళీ వదిలారు. మళ్ళీ లాగారు. పిల్లాడికి బొమ్మ దొరికినట్టుంది, ఆరు సార్లు లాగాడు.

"కమాల్ హై" అన్నాడు పృథ్వీరాజ్ చివరికి. ఆ తర్వాత తడుముకుంటూ, ఇంట్లో తండ్రితో కూడా మాట్లాడని భాషలో, "చాలా... బాగు... ఉంది, అంకుల్" అన్నాడు.

శరణ్య ముక్కు ఎగబీల్చింది. జలుబని చెప్పింది.

"త్రీ హండ్రెడ్" అన్నాడు పృథ్వీరాజ్. "దివాలీ సే పెహ్లే. హో జాయేగా?"

మూడు వందలు. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట బల్ల మీద పెట్టారు. శరణ్య ఊపిరి బిగబట్టినట్టు తెలుస్తోంది. అవునంటే చాలు, ఆమె ఎవర్నో వెతికి తెస్తుంది, పదిమంది అల్లుతారు, అడుగున అతని పేరు ఉంటుంది. హరనాథ్ తన ఎడమచెయ్యి కుడిచేతిలోకి తీసుకున్నాడు. మధ్యవేలు సగం ముడుచుకునే ఉంది. చిట్లిన చోట్ల కొత్త చర్మం గరుకుగా మొదలైంది. ఆ చేతుల్లో ఎంత పని మిగిలి ఉందో అతను ఒక్కో వేలినీ అడిగినట్టు నొక్కి చూసుకున్నాడు.

"ఇరవై" అన్నాడు.

"ట్వెంటీ? ఓన్లీ?"

"అంకుల్, మనుషులని నేను తెస్తగదా" శరణ్య చెవి దగ్గరికి వంగింది. "మీరు చూసుకుంటే చాలు."

"చూసుకోడం నా వల్ల కాదు కదమ్మా" అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది. "ఆరు వరసలూ చేతికి రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. దీపావళిలోగా పదిమందికి రాదు. వచ్చినట్టు చేస్తే తొడుగు అడుగు తెగి సీసా కాళ్ళ మీద పడుతుంది. ఇరవై నేను అల్లుతాను. ఇరవయ్యీ మోగుతాయి. ఆ తర్వాత జనవరి నుంచి నేర్చుకునేవాళ్ళుంటే రమ్మనండి, నాకు ఖాళీయే. వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది."

 లక్ష్మీనారాయణ గొంతు సవరించుకున్నాడు. "ఆ పెద్దవయసు పీపాల్లో మిగిలింది కూడా ఇరవై సీసాలకి మించి లేదులే, పృథ్వీ. వాటిలోది ఈ ఇరవైలో పోద్దాం. మిగతావాటికి నీ అట్టపెట్టె."

"అచ్ఛా..." పృథ్వీరాజ్ పెన్నుతో బల్ల మీద కొట్టుకున్నాడు. "ట్వెంటీ. డన్."

ఇంటికి కంపెనీ క్యాబ్‌లో పంపారు. మహిపాల్‌పూర్ దగ్గర ట్రాఫిక్‌లో హరనాథ్ కునికాడు. మెట్లెక్కడానికి డ్రైవరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. నాగేశ్వరమ్మ తలుపు తీసి, ముఖం చూసి, అడక్కుండానే కుర్చీ జరిపింది.

"ఏమన్నారు?"

"ఇరవై చెయ్యమన్నారు. మూడొందలన్నారు, నేనే ఇరవై అన్నాను."

 "మంచిపని చేశారు" అంది. "ఇరవైకే మీ చేతులు మిగిలితే గొప్ప."

"శని ఆదివారాలు చాలవే. ఆఫీసుకి సెలవు పెట్టాలి. కాగితం తీసి రాయి, సోమవారం పంపిద్దాం."

ఆమె పదో తరగతి ఇంగ్లీషుని కూడగట్టుకుని, పెన్ను విదిలించి, బల్ల దగ్గర కూర్చుంది. టు, ది సెక్షన్ ఆఫీసర్, అంటూ పైకి చదువుతూ రాసింది. కారణం దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"ఏమని రాయమంటారు? ఒంట్లో బాగోలేదని రాసెయ్యనా?"

"పని ఉందని రాయి."

"పని ఉందని పనికి సెలవేంటండీ! నవ్వుతారు."

"నవ్వనీ."

పెన్ను కాగితం మీద కదిలింది. ఒక్కొక్క అక్షరమే, ఆగి ఆగి. ఆమె ఆ మాట పూర్తిచేసి సంతకానికి రేకు ముక్క అందించబోయేసరికి, హరనాథ్ కుర్చీలోనే ఒక పక్కకి వాలి నిద్రపోయాడు.